పదేళ్ల తర్వాత కూడా దొరికే ప్లాటు: అడవిలోనూ చిత్తడి నేలలోనూ మొక్కల సర్వే ఎలా చేయాలి

శేషాచలం కొండల్లో 20 × 20 మీటర్ల ప్లాటు (సర్వేకి హద్దులు గుర్తించిన నేల ముక్క) వేసి, అందులోని చెట్లు కొలవడం నలుగురికి ఒక రోజు పని. ఐదేళ్లు పోయాక ముఖపరిచయం లేని మరో నలుగురు వెళ్లి, అదే ప్లాటు పట్టుకుని, అదే చెట్టుకి అదే ఎత్తులో టేపు చుట్టగలిగితేనే ఆ రోజు కూలి గిట్టినట్టు. ఒక్కసారి కొలిస్తే అడవిలో ఏముందో తెలుస్తుంది. ఏది పెరుగుతోంది, ఏది చస్తోంది, ఏది కొత్తగా నిలదొక్కుకుంటోంది అన్నవి రెండో కొలతలోనే తేలతాయి. తమిళనాడులోని ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో వేసిన 50 హెక్టార్ల ప్లాటు ఈనాటికీ పనికొస్తోంది. 1 సెం.మీ. వ్యాసం దాటిన ప్రతి కాండానికీ అక్కడ నంబరుంది, స్థానం గుర్తుంది. మన ప్లాటు హెక్టారులో ఇరవై అయిదో వంతే అయినా సూత్రం అదే.

ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం రాయలసీమ, నల్లమల ఆకురాల్చే అడవులకి సరిపోయేది. చివర్లో కొల్లేరులాంటి మంచినీటి చిత్తడి నేలలో పద్ధతి ఎక్కడ మారుతుందో చెప్పాం.

1. అనుమతి, కాలం

రిజర్వు అడవైతే అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అభయారణ్యం, జాతీయ పార్కు అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర నుంచి రావాలి. దరఖాస్తులో ఎన్ని ప్లాట్లు, చెట్లకి మేకు కొడతారా, రంగు పూస్తారా, నమూనాలు సేకరిస్తారా అన్నవి విడివిడిగా రాయండి. "వృక్ష సర్వే" అని ఒక్క ముక్క రాసి తెచ్చిన అనుమతితో కొమ్మ కోయడం కుదరదు. పేరిత (సైకస్ బెడ్డోమీ) లాంటి మొక్క జోలికి అసలు వెళ్లొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో ఉంది కాబట్టి దాన్ని పీకడం, సేకరించడం 17ఏ సెక్షన్ కింద నిషిద్ధం. దానికి ఫొటో, కొలత చాలు.

ఎర్రచందనం అడవిలో ఇంకో జాగ్రత్త. చెట్టు మీద కొత్తగా కనిపించే రంగు గీత, చేతిలో కత్తి, భుజాన సంచి అన్నీ అక్కడ అనుమానం పుట్టించేవే. ఏ రోజు ఏ బీటులో (అటవీశాఖ గస్తీ పరిధిలో) ఉంటారో ముందురోజే బీటు ఆఫీసరుకి చెప్పండి. అనుమతి పత్రం నకలు జట్టులో ఇద్దరి దగ్గర ఉండాలి.

కాలం విషయానికొస్తే, చెట్లు కొలవడానికి అక్టోబరు నుంచి డిసెంబరు మంచిది. ఆకు ఉంటుంది, చాలా జాతులకి కాయ కూడా దొరుకుతుంది. ఫిబ్రవరి దాటితే అడవి మోడు. గడ్డి, చిన్నమొక్కలు చూడాలంటే ఆగస్టు–అక్టోబరు మధ్యే వెళ్లాలి. ఏ నెలలో మొదలుపెడితే తర్వాతి కొలతా ఆ నెలలోనే చేయండి. ఎండాకాలంలో కాండం నీరు కోల్పోయి కొద్దిగా కుంచించుకుంటుంది, వానలకి మళ్లీ ఉబ్బుతుంది. నవంబరులో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి కొలిస్తే చెట్టు పెరక్కపోగా తగ్గినట్టు లెక్క వస్తుంది.

2. ప్లాటు ఎక్కడన్నది ఇంట్లోనే తేల్చుకోండి

అడవికి వెళ్లాక "ఇక్కడ బాగుంది" అనుకుని వేసే ప్లాటు ఎప్పుడూ దారికి దగ్గరగా, పొద తక్కువగా, నీడ ఎక్కువగా ఉన్నచోటే పడుతుంది. అందుకే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో అడవి హద్దు తెరిచి, వాలు, ఊరికి దూరం, గత అగ్నిప్రమాదాలను బట్టి భాగాలు చేసి, ఒక్కో భాగంలో యాదృచ్ఛిక బిందువులు వేయించండి. బండిదారికి 50 మీటర్ల లోపు పడినవీ నిట్టనిలువు కొండ మీద పడినవీ అక్కడే కొట్టేయండి. భాగానికి రెండో మూడో అదనపు బిందువులు వరుస నంబర్లతో ఉంచుకోండి. అక్కడికి చేరలేకపోతే జాబితాలో తర్వాతిది తీసుకోవాలి, పక్కకి జరగకూడదు.

ఎన్ని ప్లాట్లు? 20 × 20 మీ. ప్లాట్లు 25 అయితే మొత్తం ఒక హెక్టారు. పరిశోధక విద్యార్థికి అది అందుబాటు లెక్క. ప్లాటు పెరిగేకొద్దీ కొత్త జాతులు ఎన్ని చేరుతున్నాయో గ్రాఫ్ గీయండి. గీత చదునవకుండానే ఆగిపోతే అరుదైన జాతుల గురించి ఏమీ చెప్పలేరు.

3. చతురస్రం

కావలసినవి: 50 మీటర్ల టేపులు రెండు, దిక్సూచి, వాలు కొలిచే క్లినోమీటరు (ఫోనులో యాప్ అయినా పర్వాలేదు), పురికొస, అడుగున్నర ఇనుప చువ్వ ముక్కలు నాలుగు, వాటికి తొడిగే పీవీసీ గొట్టం ముక్కలు, సుత్తి.

జీపీఎస్ మిమ్మల్ని ప్లాటు దాకా తీసుకెళ్తుంది, అంతే. చేతిలో పట్టుకునే జీపీఎస్ ఆరుబయటే మూడు నుంచి ఐదు మీటర్లు తప్పుతుంది, చెట్లకింద ఇంకా ఎక్కువ. దాంతో నాలుగు మూలలు గుర్తిస్తే 20 మీటర్ల భుజం 14 కావచ్చు, 27 కావచ్చు. మూలలు టేపుతోనే పెట్టాలి.

నైరుతి మూల దగ్గర మొదటి చువ్వ దింపండి. దిక్సూచితో ఉత్తరానికి 20 మీటర్లు, తూర్పుకి 20 మీటర్లు లాగండి. మూల లంబకోణంలో ఉందో లేదో తేల్చడానికి మేస్త్రీలు చేసే పనే: ఒక భుజం మీద 6 మీటర్ల దగ్గర, రెండో దాని మీద 8 మీటర్ల దగ్గర గుర్తుపెడితే, ఆ రెండింటి మధ్య దూరం 10 మీటర్లు రావాలి. నాలుగు మూలలూ పెట్టాక కర్ణాలు రెండూ కొలవండి. ఒక్కోటి 28.28 మీ. రావాలి. 30 సెం.మీ. దాకా తేడా సహించవచ్చు. అంతకు మించితే ఈశాన్య మూల పీకి మళ్లీ పెట్టండి. పొద అడ్డం వచ్చి టేపు వంగడమే సాధారణంగా కారణం.

వాలు మీద చాలామంది తప్పేది ఇక్కడే. విస్తీర్ణమంటే పైనుంచి చూసినప్పుడు కనిపించేది. 25 డిగ్రీల వాలులో నేల వెంబడే 20 మీటర్లు లాగితే అడ్డంగా వచ్చేది 18.13 మీటర్లే. ప్లాటు 400 చదరపు మీటర్లకి బదులు దాదాపు 362 అవుతుంది, హెక్టారుకి చెట్ల సంఖ్య తొమ్మిది శాతం తక్కువ పడుతుంది. వాలు వెంబడి లాగాల్సింది 10 డిగ్రీలకి 20.31 మీ., 15కి 20.71, 20కి 21.28, 25కి 22.07, 30కి 23.09. ఈ ఐదు అంకెలూ నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. ఎక్కుడు వైపు భుజాలకే సవరణ, అడ్డంగా పోయేవాటికి అక్కర్లేదు.

చువ్వలు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉండనివ్వండి. పొడుగ్గా కనిపిస్తే ఎవరో ఒకరు పీకేస్తారు. మూలకి దగ్గరున్న మూడు పెద్ద చెట్ల నుంచి ఆ చువ్వకి దూరం, దిక్కు రాసుకోండి. చువ్వ పోయినా ఆ మూడు కొలతలతో మూల మళ్లీ దొరుకుతుంది.

4. చెట్టుకి టేపు చుట్టడం

ప్లాటు మొత్తంలో అతి చిన్న పనిలా కనిపించేది ఇదే, తప్పులు ఎక్కువ దొర్లేదీ ఇక్కడే.

ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.3 మీటర్లు. మన అటవీశాఖ పాత పట్టికల్లో 1.37 మీ. ఉంటుంది. ఏది తీసుకున్నా ఫర్వాలేదు గానీ ప్రతి ఫారం మీదా ఆ అంకె అచ్చువేయించండి. మనిషి ఛాతీని బట్టి కొలవొద్దు. 1.3 మీ. కర్ర ఒకటి కోసుకుని, ప్రతి చెట్టు మొదట్లో నిలబెట్టండి. ఎండుటాకు కుప్ప మీద కాకుండా మట్టి మీద ఆనాలి. వాలులో ఉన్న చెట్టుకి ఎగువ వైపు నుంచి, ఒరిగిన చెట్టుకి ఒరిగిన వైపు కాండం వెంబడి కొలవాలి. టేపు కాండానికి అడ్డంగా ఉండాలి. ఒరిగిన చెట్టుకి నేలకి సమాంతరంగా చుడితే అంకె పెరుగుతుంది.

చుట్టుకొలత 30 సెం.మీ., ఆపైన ఉన్నవాటిని చెట్లుగా లెక్కేయండి. చుట్టేముందు తీగని ఎత్తి టేపు దాని కిందనుంచి పోనివ్వండి, నరకొద్దు. చెదలు కట్టిన మట్టి ఉంటే చేత్తో రాల్చండి. బెరడు పెచ్చుల్ని మాత్రం గీకొద్దు, గీకితే వచ్చే ఏడు చెట్టు సన్నబడినట్టు చూపిస్తుంది. సరిగ్గా 1.3 దగ్గర బుడిపో, కొమ్మో, గొడ్డలి గాటో ఉంటే పైన కాండం నునుపుగా ఉన్నచోటికి జరిపి, ఆ ఎత్తు "1.52 మీ." అని రాయండి. ఎత్తు మార్చి రాయకపోవడం కంటే పెద్ద తప్పు ఇందులో లేదు.

చిరుమాను, తునికి లాంటివి నరికిన మోడు నుంచి నాలుగైదు కాండాలు వేస్తాయి. 1.3 మీటర్ల కింద చీలితే ఒక్కో కాండాన్నీ విడిగా కొలవాలి. చెట్టుకి ఒకటే నంబరు, కాండాలకి 114-అ, 114-ఆ అని. ఈ రెంటినీ కూడి ఒకటే చుట్టుకొలతగా రాస్తే ఏమవుతుందో చూడండి. 40, 50 సెం.మీ. కాండాలు రెండున్నాయి. కాండం అడ్డుకోత విస్తీర్ణం అంటే చుట్టుకొలత వర్గాన్ని 12.566తో భాగిస్తే వచ్చేది. విడివిడిగా 127.3, 199 కలిపి 326 చదరపు సెం.మీ. అదే 90 అని రాస్తే 645. ఒక్క కలం గీతతో చెట్టు రెట్టింపు అయింది. తునికి వేళ్ల నుంచి కూడా పిలకలు వేస్తుంది కాబట్టి, నేలలోంచి విడిగా వచ్చిన ప్రతి కాండమూ వేరే మొక్క అని నియమం పెట్టుకుని, దాన్ని రాసి పెట్టండి.

తప్పు దొర్లే ఇంకో చోటు వ్యాసం టేపు. దాని ఒక వైపు మామూలు సెంటీమీటర్లు, రెండో వైపు వ్యాసం అచ్చై ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి టేపు తిరగబడుతుంది. చుట్టుకొలతని వ్యాసం గడిలో వేస్తే విస్తీర్ణం దాదాపు పది రెట్లవుతుంది. దర్జీ టేపు వాడటం మేలు. కానీ గుడ్డ టేపు సాగుతుంది, ఫైబర్‌గ్లాసుది తీసుకుని నెలకోసారి స్టీలు టేపుతో పోల్చండి.

అల్యూమినియం ట్యాగుని అల్యూమినియం మేకుతో 1.6 మీటర్ల ఎత్తులో, అంటే కొలిచిన గీతకి 30 సెం.మీ. పైన కొట్టండి. గీత దగ్గరే కొడితే గాయం చుట్టూ బెరడు ఉబ్బి కొలత చెడుతుంది. మేకు కొద్దిగా కిందికి వాలి ఉండాలి, సగానికిపైగా బయటే ఉండాలి. పూర్తిగా దించేస్తే కొన్నేళ్లలో చెట్టు ట్యాగుని మింగేస్తుంది. ఎర్రచందనానికి మాత్రం అనుమతి పత్రంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప మేకు కొట్టొద్దు. ప్లాటు మూల నుంచి ఇన్ని మీటర్లు తూర్పు, ఇన్ని ఉత్తరం అని స్థానం రాస్తే సరిపోతుంది. ఆ స్థానం మిగతా చెట్లన్నిటికీ కూడా రాయాల్సిందే.

హద్దు మీద పడిన చెట్టు మొదలు సగానికి పైగా లోపలుంటే లోపలిది. ఎటూ తేలకపోతే ఉత్తరం, తూర్పు హద్దుల మీదవి తీసుకుని, మిగతా రెండు హద్దులవి వదిలేయండి. నిలబడి చచ్చినవి, మోళ్లు, కాలిన మచ్చ ఎంత ఎత్తు దాకా ఉందో కూడా రాయండి.

5. పొదలు, మొలకలు, గడ్డి

నైరుతి, ఈశాన్య మూలల్లో 5 × 5 మీ. గడులు రెండు వేసి, వాటిలో పొదలూ 10 నుంచి 30 సెం.మీ. చుట్టుకొలత ఉన్న లేత చెట్లూ లెక్కించండి. నాలుగు మూలల్లో నాలుగు, నడిమధ్యన ఒకటి చొప్పున 1 × 1 మీ. గడులు ఐదు వేసి గడ్డి, మొలకలు చూడండి. ఈ చిన్న గడుల్లోకి అడుగుపెట్టకముందే కొలవాలి. చెట్లు కొలిచే జట్టు తొక్కేశాక అక్కడ చూడటానికి ఏమీ మిగలదు. ఉదయం మొదటి పని ఇదే కావాలి.

గడ్డి ఎంత శాతం కప్పిందో అంచనా వేయడానికి 10 × 10 సెం.మీ. అట్టముక్క దగ్గరుంచుకోండి. ఒక చదరపు మీటరులో అది సరిగ్గా ఒక శాతం. ఇద్దరు విడివిడిగా అంచనా వేసి, తర్వాత పోల్చుకోవాలి. మొదటి రోజు ఇరవై శాతం తేడా వస్తుంది, మూడో రోజుకి ఐదుకి దిగుతుంది.

మొలక ఎత్తు చూసి వయసు కట్టొద్దు. ఆకురాల్చే అడవిలో చాలా జాతుల మొలకలు ఎండకో మంటకో పైన చచ్చి, వాన పడగానే అదే వేరు నుంచి మళ్లీ లేస్తాయి. జానెడు తునికి మొలక కింద మట్టి వేలితో కొంచెం తప్పిస్తే వేలంత లావు వేరుమొదలు, దాని చుట్టూ ఎండిపోయిన పాత కాడల ముక్కలు కనిపిస్తాయి. అలాంటివి "పాత వేరు" అని ఫారంలో వేరే గడిలో రాయండి. లేకపోతే ఏడాది మొలకల లెక్క ఉబ్బిపోయి, అడవి పునరుత్పత్తి బ్రహ్మాండంగా ఉందన్న తప్పుడు మాట రిపోర్టులోకి ఎక్కుతుంది.

6. పేరు సరిగ్గా పెట్టడం

నల్లమలలో చెంచుల్ని, శేషాచలంలో అడవెరిగిన స్థానికుల్ని జట్టులో పెట్టుకోండి, కూలి ఇవ్వండి, రిపోర్టులో వాళ్ల పాత్ర చెప్పండి. వాళ్లు చెప్పిన పేరు యథాతథంగా ఒక గడిలో, శాస్త్రీయ నామం పక్క గడిలో వేయండి. ఒకదాన్ని చూసి రెండోది ఊహించొద్దు. పాలకొడిసె అన్న పేరు రైటియాకీ వాడతారు, హోలరీనాకీ వాడతారు, రెండూ వేర్వేరు మొక్కలు.

ఆకు రాలాక ఎర్రచందనం, నల్లమద్ది కలగాపులగం అవుతాయి. రెండింటి బెరడూ మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. గాటు పెట్టి చూడక్కర్లేదు, చెట్టుకింద వెతకండి. గుండ్రటి బిళ్లలాంటి కాయ, నడుమ గింజ, చుట్టూ పల్చటి రెక్క ఉంటే ఎర్రచందనం. నిలువునా ఐదు రెక్కలున్న గట్టి కాయ అయితే నల్లమద్ది. ఆకు ఉన్నప్పుడు ఎర్రచందనానికి ఎక్కువగా మూడే గుండ్రటి పత్రకాలుంటాయి, దాని దాయాది వేగిసకి ఐదు నుంచి ఏడు.

తెలియని దానికి "తెలియనిది-3" అని పెట్టి నమూనా తీయండి. చుట్టుపక్కల ఇరవై మొక్కలైనా లేకపోతే కోయొద్దు, ఫొటోలతో సరిపెట్టుకోండి. పూవో కాయో ఉన్న కొమ్మ ఒక అడుగు పొడవు చాలు. న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, ఒక ఆకు వెనక్కి తిప్పి, బిగించండి. వానాకాలంలో మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చకపోతే బూజు పడుతుంది, ఆకులు నల్లబడి రాలిపోతాయి. పూల రంగు, పాలు కారతాయా, వాసన ఏమిటన్నవి ఎండాక తెలియవు కాబట్టి అక్కడే రాయాలి. నమూనా పోల్చుకోవడానికి హైదరాబాదులో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది.

7. చిత్తడి నేలలో ఏం మారుతుంది

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకెక్కింది. అక్కడ అడవి పద్ధతి తీసుకెళ్తే మొదటి గంటలోనే పనికిరాదని తెలుస్తుంది. జమ్ము, కిక్కిస కింద దుంపలతో కలిసి ఉంటాయి, ఒక మొక్క ఎక్కడ ఆగిందో చెప్పలేం. గుర్రపుడెక్క అయితే నిన్నటి చోట ఈరోజు ఉండదు, గాలి ఎటు వీస్తే అటు తెప్పలా కదులుతుంది. అందుకని మొక్కల్ని లెక్కించడం మాని, కప్పిన శాతమూ ఎన్ని గడుల్లో కనిపించిందన్నదీ రాస్తారు. ట్యాగు మొక్కకి కాదు, గీతకి.

గట్టు నుంచి లోతు వైపు, నీటి అంచుకి లంబంగా గీత వేయండి. రెండు కొసలా గట్టి గుంజలు పాతి, ప్రతి 10 మీటర్లకీ ఒక గడి చూడండి. గడి చట్రం పీవీసీ గొట్టంతో, మూలలు మూసి, తేలేలా చేసుకోవాలి. ఒక మూల అతికించకుండా వదిలేయండి. జమ్ము దుబ్బు చుట్టూ దూర్చి బిగించడానికి అదే దారి, లేకపోతే మీటరున్నర ఎత్తు ఆకుల మీద నుంచి చట్రం దించాలి. ప్రతి గడి దగ్గరా 5 సెం.మీ. గీతలున్న వెదురుగడతో లోతు తీయండి. గడ కింద వెడల్పాటి చెక్కబిళ్ల కట్టకపోతే బురదలోకి దిగిపోయి లోతు ఎక్కువ చూపుతుంది. మునిగి ఉండే నాచుజాతులకి తాడు కట్టిన రెండు తలల దంతె వేసి లాగాలి. గడికి మూడుసార్లు, ఒకటే దూరం.

కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు వైపు వేసే గీతల్లో నీటి విద్యుత్ వాహకత కొలవడం తప్పనిసరి, ఎండాకాలంలో సముద్రపు ఉప్పు పైకి ఎక్కుతుంది కాబట్టి. చేపల చెరువు గట్టుకి ఆనుకుని గీత పడితే అది రాసుకోండి. అక్కడి నీటిమట్టం మోటారు చెప్పినట్టు నడుస్తుంది, వాన చెప్పినట్టు కాదు.

గుర్రపుడెక్క బరువు తూచేవాళ్లు పచ్చిబరువు చెప్పి ఊరుకోవద్దు. అందులో తొంభై శాతానికి పైగా నీళ్లే, నీళ్లు వదిలేందుకు ఎంతసేపు వేలాడదీశారన్న దాన్ని బట్టే అంకె మారిపోతుంది. ఓవెన్‌లో 70–80 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఎండబెట్టి తూచండి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పోయేముందు దంతె, పడవ అడుగు, బూట్లు కడగాలి. చిన్న పిలక ఒకటి అంటుకుపోయినా చాలు. నీటిమొక్క నమూనా తీసేటప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి మొక్కని తేలనిచ్చి, కిందనుంచి కాగితం జొనిపి ఎత్తితే ఆకులు విడివిడిగా పరుచుకుంటాయి.

8. లెక్క

సాంద్రత, పౌనఃపున్యం, అడ్డుకోత విస్తీర్ణం మూడింటినీ శాతాలుగా మార్చి కూడితే 300కి వచ్చేది ఐవీఐ (ప్రాముఖ్యతా విలువ సూచీ). మన థీసిస్‌లన్నీ దీని చుట్టే తిరుగుతాయి. జాతుల వరుస చూపడానికి సరే గానీ, "ప్రాముఖ్యత" అన్న పేరు చూసి సంరక్షణకి వాడొద్దు. పేరిత ఐవీఐ పట్టికలో అట్టడుగున ఉంటుంది. ఒకే ఒక్క పెద్ద ఇప్పచెట్టు చిన్న ప్లాటులో పడితే పైకి ఎగబాకుతుంది. మూడు భాగాలూ విడివిడిగా ఇవ్వండి. జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచీ ఇస్తే ఏ లాగరిథమ్ ఆధారమో చెప్పండి. సహజ లాగరిథమ్‌తో వచ్చిన 2.8ని, 2 ఆధారంగా వచ్చిన ఇంకొకరి 3.6తో పోల్చి వాళ్ల అడవే వైవిధ్యమైందనేస్తారు. నిజానికి మీ 2.8 ఆ లెక్కలో 4.04.

ఫారంలో ఖాళీ గడి, సున్నా ఒకటి కావు. కొలవలేదంటే ఒక గుర్తు, చచ్చిందంటే ఒకటి, నరికేశారంటే ఒకటి, చెట్టే దొరకలేదంటే ఇంకొకటి. ఫారాలు పెన్సిలుతో నింపి, ఆ రాత్రే ఫొటో తీయండి. పది చెట్లలో ఒకదాన్ని వేరే మనిషి మొదటి అంకె చూడకుండా మళ్లీ కొలవాలి.

9. రెండోసారి వెళ్లినప్పుడు

పాత కొలతలు కాగితం మీద తీసుకెళ్లండి, కానీ టేపు పట్టినవాడికి చూపించొద్దు. రాసేవాడి దగ్గరే ఉండాలి. చెప్పిన అంకె పాతదానికంటే రెండు సెంటీమీటర్లకి మించి తగ్గినా, నమ్మలేనంత పెరిగినా, రాసేవాడు "మళ్లీ చుట్టు" అనాలి, పాత అంకె చెప్పకూడదు. కొత్తగా 30 సెం.మీ. దాటిన చెట్లకి చివరి నంబరు తర్వాత నుంచి ట్యాగులు వేయండి, చచ్చిన చెట్టు నంబరు మళ్లీ వాడొద్దు.

ఎర్రచందనం, పేరిత ఉన్న ప్లాట్ల అక్షాంశ రేఖాంశాలు ప్రచురించే పట్టికలో దశాంశ బిందువు తర్వాత ఒక్క అంకెకి కుదించండి. అంటే సుమారు పదకొండు కిలోమీటర్ల మేర తెలుస్తుంది, చెట్టు తెలియదు. పూర్తి అంకెలు, మూలలకి తీసిన మూడు చెట్ల దూరాలు, చేత్తో గీసిన దారి పటం మీ సంస్థలో ఒక ప్రతి, రేంజి ఆఫీసులో సీలు వేసిన కవరులో ఇంకొక ప్రతి ఉంచండి. కవరు మీద తర్వాతి కొలత ఏ ఏడు ఏ నెలో రాయండి.